ఒకే తరగతికి ఇద్దరు అధ్యాపకులు అవసరమా?

విభాగాధిపతి: మొదటి సంవత్సరం భౌతికశాస్త్రానికి, కొత్తగా చేరిన అధ్యాపకుడికి తోడుగా అనుభవజ్ఞుడైన మరొకరిని ఒక సెమిస్టర్ పాటు నియమించాలన్న 'జంట బోధన' ప్రతిపాదన వచ్చింది. పాఠం ఇద్దరూ కలిసి సిద్ధం చేసుకోవాలి, తరగతిలో ఇద్దరూ ఉండాలి. మీరేమంటారు?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు: నేను ఒప్పుకోను. ఉన్నవాళ్లమే పని భారంతో సతమతమవుతున్నాం. ఒకరు చెప్పగల పాఠానికి ఇద్దరి సమయం ఎందుకు? బోధన మెరుగుపడాలంటే వర్క్‌షాప్ పెట్టండి.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: వర్క్‌షాప్‌లో విన్నది తరగతిలో అడుగుపెట్టగానే ఆవిరైపోతుంది సార్. పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత అని అడిగి చూడండి. చాలామంది సున్నా అంటారు. బోర్డు దగ్గరున్నవారికి ఆ తప్పు జవాబే వినిపిస్తుంది. బెంచీల మధ్య తిరిగే రెండో అధ్యాపకుడికి దాని వెనకున్న ఆలోచన కూడా చెవిన పడుతుంది: "బంతి ఆగింది కదా, ఇక త్వరణం ఎక్కడిది?" వేగాన్నీ, వేగంలో మార్పునీ ఒకటే అనుకుంటున్నారని అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాతి ప్రశ్న దాన్నిబట్టే వేయాలి. ఈ నేర్పు పక్కనుండి చూస్తేనే అబ్బుతుంది.

విద్యార్థులను ఆలోచింపజేసే బోధన ఫలితాలపై సందేహం అక్కర్లేదు. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉపన్యాసానికే పరిమితమైన తరగతుల్లో సుమారు 34 శాతం విద్యార్థులు కోర్సు తప్పారు, ఇలా ఆలోచింపజేసే చురుకైన బోధనలో 22 శాతం. ఆ పద్ధతిని కొత్తవారికి అందించడమే కష్టం. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2007లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన కార్యక్రమంలో జంట బోధనను ఇందుకే వాడారు.

పరిశోధక విద్యార్థి: మాకూ ఇద్దరు చెప్పారు, కానీ సిలబస్‌ను సగం సగం పంచుకున్నారు. మొదటివారు ఎక్కడ ఆపారో రెండోవారికి తెలియదు. ఎంట్రోపీ పాఠం రెండుసార్లు విన్నాం, స్వేచ్ఛాశక్తి పాఠం అసలు వినలేదు.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: అది వంతులవారీ బోధన. దానికి జంట బోధన అని పేరు పెట్టడం వల్లే అసలుది చెడ్డపేరు మోస్తోంది.

రసాయనశాస్త్ర అధ్యాపకుడు: సరే, కానీ విద్యార్థుల ముందు పెద్దవారు సరిదిద్దితే కొత్తవాడి గౌరవం ఏం కావాలి? పనిగంటలు సగమే లెక్కిస్తే ఎవరు ముందుకొస్తారు?

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: గంటలు ఇద్దరికీ పూర్తిగా లెక్కించాల్సిందే, అందులో బేరం వద్దు. ఆ ఖర్చు ఒక్క సెమిస్టర్‌దే, తర్వాత కొత్తవారు ఒంటరిగా చెప్పుకుంటారు. గౌరవం సంగతంటారా, బోర్డు దగ్గర ఎవరు, బెంచీల మధ్య ఎవరు అన్నది ముందురోజే అనుకుని, వారం వారం మార్చుకోవాలి. పెద్దవారు కూడా సుద్దముక్క కిందపెట్టి వినడానికి సిద్ధపడకపోతే మాత్రం ఆ జంటను వేయకండి.