సమస్యాపూరణం: ‘సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె’

ఈ వారం సమస్య:

సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

ఆటవెలది నాలుగో పాదం. మొదటి మూడు పాదాలు మీవి.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక్క పూట నిలబడితే ఈ మాట ఎన్ని రకాలుగా వినబడుతుందో చూడండి. పంపుసెట్టు, మైకుసెట్టు, గాజుల సెట్టు, సెట్టుదోసె. “మా అమ్మాయికి సంబంధం సెట్టయిందండి” అని ఒకరంటే, “ఆ రంగు నీకు సెట్టవలేదు” అని ఇంకొకరు. ఇంగ్లీషులో దీని బలగం ఇంకా పెద్దది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో ఈ మాటకు 430కి పైగా అర్థాలున్నాయి. అన్నిటికన్నా పొడుగైన పద్దు అదే. ఆ తర్వాత కొత్త కూర్పు పనిలో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది.

ఒక్క నియమం. నిఘంటువులో ఉన్న సెట్టు కాదు, మన నోళ్లలో నలుగుతున్న సెట్టు కావాలి. ఒకటే వస్తువు మునగడం, నిలవడం కుదరదు కాబట్టి సమస్య విప్పాల్సింది ఆ మాటతోనే.

—

రాజాం నుంచి ఒక సభ్యుడు:

ఏరు పొంగి వచ్చి యెగువతోఁటను ముంచ
బోరు మీఁది పంపు పూడిపోయె
గట్టు మీఁది యింటఁ గనుము టీవీ పెట్టె
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

పంపుసెట్టు మునిగింది, టీవీ సెట్టు నిలిచింది. దారి సరైనదే, గణాలూ యతులూ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సరిపోయాయి. అయితే రెండు చోట్ల యతి మిమ్మల్ని లాక్కుపోయింది. నాగావళి పొంగితే ముందు మునిగేది దిగువ తోట. ‘ఏరు’కు యతి కలవాలని దిగువ కాస్తా ఎగువ అయిపోయింది. మూడో పాదంలో ‘గనుము’ చేసే పని ఏమీ లేదు, ఖాళీ నింపడానికి వచ్చి కూర్చుంది. ఇలా మార్చి చూడండి:

దిక్కులెల్ల నిండె దిగువతోఁటను నీరు
బోరు మీఁది పంపు పూడిపోయె
గట్టు మీఁది యింటఁ గదలదు టీవీయు
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

ఇప్పుడు ‘గదలదు’ అనే మాట ‘నిలిచె’కు ముందే నేల సిద్ధం చేస్తుంది.

రాజాం సభ్యుడి జవాబు: “ఎగువ, దిగువ సంగతి మా నాన్న కూడా అన్నాడండి. మార్పు బాగుంది, తీసుకుంటున్నాను.”

—

బొబ్బిలి నుంచి ఒక ఇంటర్ విద్యార్థి, మొదటిసారి పంపిన పద్యం:

వాలిబాలులోన వరుసగా నోడిరి
మొదటి యాటయంత మోసపోయి
రెండో యాటలోన రెచ్చిపోయిరి వారు
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

తమ్ముడూ, ముందుగా అభినందనలు. సెట్టుకు రెండు అర్థాలు వెతక్కుండానే సమస్య విప్పావు. మునిగింది మొదటి సెట్టు, నిలిచింది రెండో సెట్టు. ఇంత తేలిక దారి పెద్దవాళ్లెవరికీ తట్టలేదు.

ఛందస్సులో ఒక్కచోట గణభంగం. ఆటవెలది మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే గురువు తర్వాత లఘువు, లేదా మూడు లఘువులు. ‘రెండో’లో రెండూ గురువులే. ‘రెండవాటలోన రెచ్చిపోయిరి వారు’ అను, సరిపోతుంది. వాలీబాలును ‘వాలిబాలు’ చేయడం మాత్రం తప్పు కాదు. పరాయి మాట తెలుగు పద్యంలోకి వచ్చేటప్పుడు ఆ మాత్రం ఒదుగుతుంది.

—

శ్రీకాకుళం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి:

కడలి మీఁద నినుఁడు గనుపండువుగ వాలె
సెల్లుఫోను పట్టి చేరె జనము
వెలుఁగు తగ్గుచున్న విడువరు తీరము
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

సూర్యుడు మునిగాడు, కుర్రాళ్ల సెట్టు ఒడ్డునే నిలిచింది. కళింగపట్నం సాయంత్రం కళ్లకు కట్టింది. కానీ రెండు అభ్యంతరాలు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు అందులోంచి లేస్తుంది, అందులో గుంకదు. ‘కడలి మీఁద’ తీసేసి ‘గట్ల వెనుక’ అంటే యతి చెడదు, దిక్కూ చక్కబడుతుంది.

రెండోది పెద్దది. సూర్యాస్తమయాన్ని తెలుగువాళ్లం ‘సన్‌సెట్’ అంటామే తప్ప ఉత్త ‘సెట్టు’ అనం. “సెట్టు అయ్యింది, ఇంటికి పోదాం” అని ఏ ఊళ్లోనూ వినం. ఆ అర్థం ఇంగ్లీషు మాటది, మన మాటది కాదు. పద్యం అందంగా ఉన్నా సమస్య పూర్తిగా విడలేదు.

—

గజపతినగరం నుంచి, మైకుసెట్లు అద్దెకిచ్చే సభ్యుడు:

పదును లేని చదువు పరుగునఁ జదివితి
ర్యాంకు రాక యేడ్చి రాజిపడక
మైకు లద్దెకిచ్చి మంచిగా బ్రతికెద
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

ఎంట్రన్సు ‘సెట్’ అసలు ఈ మాటే కాదు, మూడు ఇంగ్లీషు మాటల (కామన్ ఎంట్రన్స్ టెస్ట్) మొదటి అక్షరాల కూర్పు. అయినా శ్లేషకు చెవి చాలు. పైగా ‘పరీక్ష మునిగింది’ అనడం మన పలుకుబడే. తన బతుకు తానే చెప్పుకున్న నిబ్బరం ఈ పద్యానికి బలం.

—

విజయనగరం నుంచి, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు పూరణకు బదులు అభ్యంతరం పంపారు. అదీ పద్యంలోనే:

పెరుఁగు తోడుకొనును బెల్లము గడ్డగు
పొద్దు వాలిపోవుఁ బూఁత నిలుచు
ఎముక యతికిపోవు నింటికప్పు బిగియు
ఇన్ని తెలుఁగు లుండ నేల సెట్టు?

మాస్టారూ, పద్యానికి నమస్కారం. ఇంగ్లీషువాడు ఒక్క సెట్టుతో గడుపుకునే ఆరు పనులకు ఆరు తెలుగు మాటలు, ఒక్కటీ కిట్టింపు కాదు. ‘పూత నిలుచు’ అన్నది తోట పెంచినవాళ్లకే వచ్చే మాట. జీడిపూత మంచుకు మాడకుండా నిలిచిందో లేదో చూసుకునే రైతు నోట్లోంచి నేరుగా వచ్చింది.

మీ ప్రశ్నకు జవాబు మీ పద్యంలోనే ఉందనిపిస్తుంది. మీరు చెప్పిన ఆరూ క్రియలే. ఇంగ్లీషులో ఈ క్రియ ‘కూర్చోబెట్టు’ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు ధాతువు ‘సెట్టన్’ నుంచి వచ్చింది. ఒక జట్టు, ఒక వరస అనే అర్థమిచ్చే నామవాచకానికి మూలం వేరు. అది లాటిన్ ‘సెక్టా’ నుంచి, పాత ఫ్రెంచి మీదుగా వచ్చి చేరింది. రూపం ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. నాటకం సెట్టు మాత్రం మొదటి వంశానిదే. మన వాడుకలో ఎక్కువగా స్థిరపడింది రెండో వంశం: పంపుసెట్టు, గాజుల సెట్టు, లెక్కల్లో సెట్టు. ఆఖరిదానికి ‘సమితి’ ఉంది, బడిలో నిలిచింది కూడా. పంపుసెట్టుకు మాత్రం బోరుతో పాటే పేరూ వచ్చేసింది. తోడుకోవడాన్నీ అతకడాన్నీ మనమెవరం వదులుకోలేదు, వదులుకోకూడదు. ఆ మాట మీతో కలిసి నేనూ గట్టిగా అంటాను.

మాస్టారి జవాబు: “అయితే క్రియలకు తెలుగు, సరుకులకు సెట్టు. ఆ మేరకు ఒప్పుకుంటాను. ‘సంబంధం సెట్టయింది’ అంటే మాత్రం ఒప్పుకోను. సంబంధం కుదిరింది.”

ఒప్పుకోవాల్సిన మాట. ‘కుదిరింది’ ఉండగా అక్కడ సెట్టుకు చోటు లేదు.

—

ఉద్దానం నుంచి, వజ్రపుకొత్తూరు వైపు సభ్యుడు:

గాలివాన వచ్చి కాల్వలు పొంగెను
మోటరింజనంత మురుగుపాలు
పాత పనసమాను పడలేదు సూడండి
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

కింద ఆయన రాసింది: “మా పక్క చెట్టును సెట్టనే అంటాం. మా అమ్మ ఈ పాదం విని, ఇందులో సమస్యేముంది, మోటారు సెట్టు మునిగింది, పనస సెట్టు నిలిచింది, అంతేగా అంది.”

సమస్య ఇస్తున్నప్పుడు ఈ పూరణ వస్తే బాగుండునని ఎదురుచూశాను. చెరువు ‘సెరువు’, చేను ‘సేను’, చెట్టు ‘సెట్టు’ అయ్యే నేల మనది. ఒక ఇంగ్లీషు మాట, ఒక అచ్చ తెలుగు మాట ఒకే ధ్వనిలో ఇక్కడ కలిశాయి. సమస్యకు ఇది మన ఉత్తరాంధ్ర నోటి నుంచే వచ్చిన పరిష్కారం.

పద్యంలో దృశ్యమూ నిజమైనదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మోటారు ఇంకోటి కొనుక్కోవచ్చు, ముదురు చెట్టును కొనలేం. అందుకే ‘పడలేదు సూడండి’ అన్నప్పుడు ఆ గొంతులో వచ్చే ఊరట అలంకారం కాదు.

దీని మీద చర్చ నడిచింది. మాస్టారి అభిప్రాయం: “సూడండి, సెట్టు పద్యంలో చెల్లవు. అరసున్న పెట్టి, సరళాదేశంతో ‘కాని’ని ‘గాని’ చేసి, పక్కనే మాండలికమా?”

పాలకొండ సభ్యురాలు: “శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి జిల్లాలో ఈ ప్రశ్నా మాస్టారూ? సవర భాషకు కూడా నిఘంటువు రాసిన ఆయన మన వాడుకను కాదంటారా?”

మాస్టారు: “అమ్మా, గిడుగు వారు పోరాడింది ముఖ్యంగా వచనం కోసం, బడి పుస్తకాల కోసం. ఆయన కోరింది శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష. ఆయన పేరు పెట్టి అన్నిటికీ తలుపు తీయకూడదు.”

చరిత్ర విషయంలో మాస్టారిదే సరైన మాట. కానీ ఈ పద్యంలో మాట్లాడుతున్నది కవి కాదు, ఉద్దానం రైతు. పాత్ర నోట పాత్ర భాష రావాలి. నా అభ్యంతరం వేరే చోట. రైతు మాట్లాడుతున్నాడని తెలిసేది ‘సూడండి’ దగ్గరే. అంతకుముందు ‘పొంగెను’ అన్నది గ్రాంథికపు గొంతు. మొదటి పాదం నుంచే ఆయన గొంతు వినిపించి ఉంటే మాస్టారికి ఆ అనుమానం వచ్చేదే కాదు. ఆ పాదాన్ని తిరగరాసి పంపమని కోరుతున్నాను.

—

చీపురుపల్లి నుంచి ఒక గృహిణి:

ఆలి నగల నిచ్చి యప్పుఁ జేసిన రైతు
పంపుఁ దెచ్చి చేను పచ్చఁబఱచె
గడువు దాఁటె గొలుసు కమ్మల జతకును
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

అందరమూ సెట్టు చుట్టూ తిరిగాం. ఈమె ‘మునిగె’ను పట్టుకున్నారు. తాకట్టు పెట్టిన నగ గడువులోగా విడిపించకపోతే ‘మునిగిపోయింది’ అంటాం. వడ్డీ అసలును మింగేసి, చీటీ మీద తేదీ దాటిపోయాక, చుక్క నీరు లేకుండానే నగ మునుగుతుంది. సమస్యలో వరద ఉందని మనమంతా అనుకున్నాం. ఆమె పద్యంలో నీళ్లున్నది పొలంలోనే, అవీ చేను పచ్చబడడానికి.

‘జత’ అనే తెలుగు మాటను సెట్టుకు ముందు పాదంలోనే పెట్టడం వల్ల ఏ సెట్టు మునిగిందో వేరే చెప్పనక్కర లేకపోయింది. ‘గొలుసు కమ్మల’ బదులు ‘హార కమ్మల’ అన్నా గణం కుదిరేది, కానీ సంస్కృతం, తెలుగు కలిసి వైరిసమాసం అయ్యేది. ఆ జాగ్రత్త చూడండి. ఇక ‘గాని’. మిగతా పూరణల్లో అది ఊరట. ఇక్కడ సగం ఊరట, సగం బాధ. చేను నిలిచింది, ఆమె మెడ బోసిపోయింది. పద్యం ఆ రెండో సంగతి పైకి అననే లేదు.

మాస్టారు: “నిర్దుష్టం. ‘పచ్చఁబఱచె’ ప్రయోగం ముచ్చటగా ఉంది.”

గజపతినగరం సభ్యుడు: “చదివి మా ఆవిడకు వినిపించానండి. కాసేపు ఏమీ అనలేదు.”

—

ఆనవాయితీ ప్రకారం నా పూరణ:

వాన కురిసి తెరలు వడలి తడిసిపోయె
కోటగోడ యట్ట కూలి చెడెను
ఆట యాపలేదు హార్మోని తబలాలు
సెట్టు మునిగెఁ గాని సెట్టు నిలిచె

మునిగింది రంగస్థలం మీది సెట్టు, నిలిచింది వాయిద్యాల సెట్టు. పద్యనాటకం ఆరుబయట ఆడే ఊళ్లలో వాన పడితే జరిగేది ఇదే. తెర జారినా పద్యం జారనివ్వరు.

పాలకొండ సభ్యురాలు: “బాగుందండి. కానీ ‘వడలి తడిసిపోయె’లో వడలడం ఎండకు కదా, వానకు కాదు. ‘వరుస తడిసిపోయె’ అనవచ్చు.”

అనవచ్చు. గణమూ యతీ చెడవు, అర్థం బాగుపడింది. ఆ మార్పుతోనే ఉంచుతున్నాను.

—

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

పాసు కాని వాఁడె పాసు జూపె

బస్సు పాసు అందరికీ తడుతుంది. అది కాక ఇంకోటి పంపండి.