పోలిష్ పైలట్లు చక్రాలు దించడం ఎందుకు మరిచారు?

విజయనగరం, ప్రశ్న: 1940లో బ్రిటన్ తరఫున పోరాడిన పోలిష్ పైలట్లలో కొందరు మొదట్లో చక్రాలు దించకుండానే హరికేన్ యుద్ధవిమానాన్ని నేలకి దింపేశారట. అంత చేయి తిరిగినవాళ్లు కదా, ఎందుకలా? బడిలో పిల్లలకి చెప్పాలి.

పలాస: మాస్టారూ, ఆ అలవాటే కొంప ముంచింది. పోలండ్‌లో వాళ్లు నడిపిన పి.11 యుద్ధవిమానానికి చక్రాలు ఎప్పుడూ కిందే, దించే పనే లేదు. థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచే లివర్) కూడా తిరగబడింది: ఫ్రెంచి పద్ధతిలో వెనక్కి లాగితే వేగం, హరికేన్‌లో ముందుకి తోస్తే వేగం. కుడికాలి గేరున్న పాత బుల్లెట్ తోలినవాడికి కొత్త బండి ఇచ్చినట్టే. ఎదురుగా ఉన్న డయళ్ల మీదేమో కిలోమీటర్లు, మీటర్లకి బదులు మైళ్లు, అడుగులు.

ఇంకో తిరకాసుంది. చక్రాల లివర్ కుడిపక్కన ఉంటుంది. గాల్లోకి లేవగానే స్టిక్‌ని (విమానాన్ని తిప్పే కర్రని) ఎడమచేతికి మార్చుకోవాలి. థ్రాటిల్ బిగింపు మరని ముందే బిగించకపోతే, చెయ్యి తీయగానే అది వెనక్కి జారి ఇంజిన్ నీరసిస్తుంది.

బొబ్బిలి: భాష సంగతీ చెప్పండి. రేడియోలో ఇంగ్లీషు మాటలు పట్టుబడాలని రేడియో కట్టిన మూడు చక్రాల సైకిళ్ల మీద మైదానంలో తిప్పారు! పోలిష్ పైలట్ల దళం 303 స్క్వాడ్రన్ ఆగస్టు 2న లండన్ దగ్గరి నార్తోల్ట్‌లో మొదలైంది. ఆగస్టు 30న శిక్షణలో ఉండగానే ఆ దళం పైలట్ పష్కియేవిచ్ ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. మర్నాటి నుంచే దళాన్ని యుద్ధంలోకి దింపారు.

రాజాం: 303 దళం 126 విమానాలు కూల్చిందన్న అంకె పిల్లలకి చెబితే, అది అప్పట్లో నమోదైన లెక్కని చెప్పండి. అసలు సంఖ్య అంతకంటే తక్కువే. ఆ దళంలోనే 17 కూల్చిన ఫ్రాంటిషెక్ పోలిష్‌వాడు కాదు, చెక్.