మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్: పిల్లలందర్నీ ఒకేసారి క్వారీ దగ్గరికి టీపీ (టెలిపోర్ట్, ఉన్నచోటునుంచి క్షణంలో ఇంకో చోటికి పంపడం) చేయడం ఎట్టా?

చీమకుర్తి_మామ:
సెలవులకి అక్క పిల్లలు, తమ్ముడి పిల్లలు అంతా మా ఇంట్లోనే ఉండారు. నా ల్యాప్‌టాప్‌లో వరల్డ్ తెరుస్తా, వాళ్లు అదే వైఫై మీద ఫోన్లలో చేరతారు. ఒంగోలు బస్టాండు, కొత్తపట్నం బీచ్, చీమకుర్తి క్వారీ కట్టుకున్నాం. గేమ్‌లో గ్రానైట్ అని ఇచ్చే రాయి ఎర్రగా ఉంటది, బంగారు చుక్కలుండే మన నల్లరాయి బ్లాక్ గెలాక్సీకి పనికిరాదు. బ్లాక్‌స్టోన్ పరిచి మధ్యమధ్యలో గిల్డెడ్ బ్లాక్‌స్టోన్ వేస్తే ఆ బంగారు చుక్కలు అచ్చం దిగాయి. పగలంతా పాలిషింగ్ యూనిట్‌లో అదే రాయి చూసేవాణ్ణి, నాకే ముచ్చటేసింది.

కట్టేది క్రియేటివ్‌లో (బ్లాకులు ఊరికే దొరికే మోడ్), దాగుడుమూతలు మాత్రం సర్వైవల్‌లో (దెబ్బ తగిలితే చచ్చే మోడ్). ఆట మొదలెట్టాలంటే అందరూ క్వారీ కాడికి రావాలి. ఒకడు బీచ్‌లో ఉంటాడు, చిన్నది బస్టాండు కప్పెక్కి కూర్చుంటది. "మామా నన్ను లాగు" అని ఒకటే గోల. టీపీలో @పీ పెడితే నేనొక్కణ్ణే పోతా ఉండా. పెద్దోడి పేరు మధ్యలో ఖాళీ ఉంది, అది కొడితే ఎర్ర అక్షరాల్లో సింటాక్స్ ఎర్రర్. చిన్నదాన్ని గుంతలోకి పంపితే రాతిలో ఇరుక్కుని ఊపిరాడక చచ్చింది, సామానంతా అక్కడే రాలిపోయింది, ఇంక ఇంట్లో ఏడుపు. మీరెట్టా చేస్తా ఉండారు?

కావలి_రెడ్‌స్టోన్:
అన్నా, కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తా, గేమ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాల.

@పీ అంటే దగ్గరున్న ఆటగాడు. చాట్‌లో కొట్టింది నువ్వు, నీకు నీకంటే దగ్గరోడు యాడుంటాడు? అందర్నీ నీ కాడికి లాగాలంటే:
/టీపీ @ఏ @ఎస్
@ఏ అందరూ, @ఎస్ నువ్వు. పేరులో ఖాళీ ఉంటే పేరుకి రెండు పక్కలా డబుల్ కోట్స్ పెట్టు, ఎర్రర్ పోతది. @ఈ జోలికి మాత్రం పోవద్దు. దాంట్లో మనుషులే కాదు, ఆవులు, గొర్రెలు, కింద పడున్న సామాను కూడా వచ్చేస్తాయి. మా తమ్ముడి దొడ్డిలో ఉన్న గొడ్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

రాతిలో ఇరుక్కోవడం వై అంకె వల్ల. ఎక్స్ తూర్పు పడమరలు, జడ్ ఉత్తర దక్షిణాలు, మధ్యలో రాసే వై ఎత్తు. వరల్డ్ సెట్టింగ్స్‌లో షో కోఆర్డినేట్స్ ఆన్ చేసి, గుంత అడుగున నువ్వే నిలబడి అంకెలు చూసి రాసుకో. ఊహించి కొట్టొద్దు. చివర్లో ట్రూ అని చేరిస్తే, చేరే చోట బ్లాకులు అడ్డముంటే అసలు పంపదు:
/టీపీ @ఏ 214 41 -160 ట్రూ
సామాను రాలకుండా /గేమ్‌రూల్ కీప్‌ఇన్వెంటరీ ట్రూ.

గూడూరు_గేమర్:
ఈ కమాండ్లు నడవాలంటే చీట్స్ ఆన్ చేయాలి. అట్టా చేస్తే బెడ్‌రాక్‌లో ఆ వరల్డ్‌కి అచీవ్‌మెంట్స్ (ఆటలో సాధించినవాటికి ఇచ్చే గుర్తింపులు) ఇంక రావు, మళ్లీ ఆఫ్ చేసినా అంతే. పిల్లలకి అవి కావాలంటే వేరే వరల్డ్ పెట్టుకోండి.

చీమకుర్తి_మామ:
అచీవ్‌మెంట్స్ ఎవడికి కావాలబ్బా, వాళ్లకి క్వారీ చాలు. తమ్ముడూ, @ఏ పనిచేసింది, పెద్దోడూ వచ్చాడు. ఇప్పుడు వాళ్లే ఎవరికి వాళ్లు పోవాలంట, ఆపరేటర్ (కమాండ్లు కొట్టే హక్కు) ఇమ్మని పట్టు పట్టారు. ఇచ్చేదా?

కావలి_రెడ్‌స్టోన్:
ఇయ్యొద్దు. ఆపరేటర్ చేతికొస్తే ఒకడు ఇంకోణ్ణి సముద్రం నడిమధ్యకి పంపిస్తాడు, నువ్వు తగువు తీర్చుకుంటా కూర్చోవాల. బస్టాండులో ప్లాట్‌ఫారానికొక కమాండ్ బ్లాక్ (లోపల రాసిన కమాండ్‌ని తానే నడిపే బ్లాక్) పెట్టు. అది క్రియేటివ్ జాబితాలో కనపడదు, /గివ్ @ఎస్ కమాండ్_బ్లాక్ అంటే చేతికొస్తది. ఇంపల్స్ (నొక్కినప్పుడు ఒక్కసారే నడవడం), నీడ్స్ రెడ్‌స్టోన్ (బటన్ లాంటిది నొక్కితేనే నడవడం) అనే సెట్టింగ్స్ అట్టాగే ఉంచి లోపల ఇది రాయి:
టీపీ @ఏ[ఆర్=3] 214 41 -160

ఆర్=3 అంటే ఆ బ్లాక్ చుట్టూ మూడు బ్లాకుల దూరంలో ఉన్నోళ్లు. ఇక్కడ @పీ కూడా నడుస్తది గానీ, నలుగురు గుంపుగా నిలబడితే నొక్కినోడు కాక పక్కనోడు పోతాడు, మళ్లీ గొడవ. నొక్కడానికి ఆ బ్లాక్‌కి బటన్ అంటించేటప్పుడు వంగి (స్నీక్ చేసి) పెట్టు, లేకుంటే బటన్ పడకుండా కమాండ్ రాసే తెర తెరుచుకుంటది. మామూలు మెంబర్ నొక్కినా పనిచేస్తది. సర్వైవల్‌లో ఆ బ్లాక్‌ని పగలగొట్టనూ లేరు.

చీమకుర్తి_మామ:
బటన్ బదులు ప్రెజర్ ప్లేట్ (కాలు పెడితే నొక్కుకునేది) పెడితే? చిన్నదానికి ఫోన్‌లో బటన్ నొక్కడం కుదరడం లా.

కావలి_రెడ్‌స్టోన్:
పెట్టొచ్చు. రాతి ప్లేట్ పెట్టు, చెక్కది వద్దు. చెక్క ప్లేట్ మీద వస్తువు పడినా నొక్కుకుంటది, ఎవడో ఒకడు మట్టిబెడ్డ విసిరి అందర్నీ పంపించేస్తాడు. ఒక్కో రవాణాకి చాట్‌లో మెసేజ్ పడతా ఉంటే /గేమ్‌రూల్ కమాండ్‌బ్లాక్‌అవుట్‌పుట్ ఫాల్స్ కొట్టు. క్వారీ అడుగునుంచి వెనక్కి రావడానికి ఇంకో బ్లాక్ మర్చిపోవద్దు, అది దిగే చోటునుంచి కాస్త దూరంగా ఉండాల. ప్లేట్ మీదే దింపితే అటూ ఇటూ తిరుగుతానే ఉంటారు.