తిమింగలంలో మింగడం ఎక్కడుంది?

మా వాడు ఏడో తరగతి. బడి గోడపత్రిక కోసం నీలి తిమింగలం మీద పది వాక్యాలు రాసి నిన్న రాత్రి నా ముందు పెట్టాడు. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇది దేన్నయినా మింగేస్తుంది కాబట్టి దీనికి తిమింగలం అనే పేరు వచ్చింది." కొట్టేద్దామని పెన్ను తీశాను గానీ చెయ్యి రాలేదు. వాడు రాసింది సగం ఒప్పు, సగం తప్పు. ఆ లెక్క ఇక్కడ పెడుతున్నా, తెలిసినవాళ్ళు దిద్దండి.

ముందు ఒప్పు సంగతి. పేరులో మింగడం ఉంది, కానీ మనకు వినబడే చోట లేదు. సంస్కృతంలో ఇది తిమింగిలం. తిమి అంటే సముద్రంలో ఉండే ఓ పెద్ద చేప, గిల అంటే మింగేది. తిమిని మింగేది తిమింగిలం. రెంటికీ మధ్య మకారం ఒకటి వచ్చి చేరింది. తి-మింగ-లం అని విరుచుకుని, అందులో మన "మింగు" ఉందనుకోవడం చెవి చేసే మోసం. మన మాట పాత రూపం మ్రింగు, దాని వంశమే వేరు. అర్థం ఒకటే కావడం మాత్రం భలే కుదిరింది. మనం "గి"ని "గ"గా అరగదీసుకున్నాం. పక్క తమిళంలో తిమింగిలం అనే రూపం ఇప్పటికీ ఉంది. నిఘంటువుల్లో తిమింగిలగిలం అని ఇంకొకటి కనిపిస్తుంది, అంటే తిమింగలాన్నే మింగేది! ఎవరికి ఎవరు పెద్దో తేలకుండా పోయే వరస అది.

ఇక తప్పు. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది. తిరుపతి బస్టాండులో ఆర్టీసీ బస్సులు రెండున్నర వరసగా నిలబెడితే ఎంతో అంత. బరువు 150 టన్నులు కూడా దాటొచ్చు. నాలుక ఒక్కటే ఏనుగంత తూగుతుంది. ఇంత ఒళ్ళు ఉండీ, గొంతు మాత్రం ఇరుకు. మనిషిని కూడా మింగలేదు. తినేది క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న ప్రాణిని, అదీ మన వేలంత ఉండదు. రోజుకు టన్నుల లెక్కన తింటుందనుకోండి, అది వేరే మాట. కాబట్టి తిమిని మింగే తాహతు దీనికి లేదు. నీలి తిమింగలం, పేరు ప్రకారం చూస్తే, తిమింగలం కాదు.

— — —

రేణిగుంట నుంచి ఒక అన్న:
గొంతు ఇరుకైతే మరి అంత నోరు దేనికి స్వామీ? గుండె కారంత ఉంటుందని కూడా విన్నామే.

నేను:
కారంత అనేది కాస్త పెంచి చెప్పిన మాట అన్నా. 2014లో కెనడా తీరానికి కొట్టుకొచ్చిన ఒకదాని గుండెను టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియంలో భద్రం చేశారు. అది దాదాపు 180 కిలోలు, అంటే సిమెంటు బస్తాలు మూడున్నర. అదేం తక్కువ కాదులెండి. బతికున్న ఇంకో నీలి తిమింగలం లోతుకు మునిగినప్పుడు దాని గుండె నిమిషానికి రెండుసార్లు మాత్రమే కొట్టుకోవడం కూడా రికార్డయింది.

నోరు సంగతి చెప్తా. కింది దవడ నుంచి బొడ్డు దాకా దానికి పొడుగు మడతలుంటాయి. భజనమందిరంలో హార్మోనియం తిత్తి చూశారు కదా, మూసినప్పుడు కుచ్చిళ్ళలా ఒదిగి, లాగితే విచ్చుకుంటుంది. అచ్చం అట్లే. క్రిల్ గుంపు కనబడగానే వేగంగా వెళ్ళి నోరు తెరుస్తుంది. నీళ్ళ తోపుకి మడతలు విచ్చుకుని, నాలుక వెనక్కి తిరగబడి, గొంతు కింద పెద్ద సంచి తయారవుతుంది. దాని ఒంటి బరువుకు దగ్గరగా నీళ్ళు పడతాయి అందులో. అప్పుడు నోరు మూసి, సంచి బిగించి, నీళ్ళు బయటికి తోస్తుంది. క్రిల్ మాత్రం లోపల నిలిచిపోతుంది. దీన్ని మింగడం అంటామా? నన్నడిగితే పుక్కిలించడం అంటాను. పుక్కిట పట్టి, వడగట్టి, చివర్లో ఒక గుటక.

చంద్రగిరి తెలుగు మాస్టారు:
బాబూ, పుక్కిలింత అనగానే నాకు రఘువంశం గుర్తొచ్చింది. పదమూడో సర్గలో రాముడు పుష్పకం మీద లంక నుంచి వస్తూ సీతకు సముద్రాన్ని చూపిస్తాడు. ఈ తిములు నదీముఖాల దగ్గర నోరు తెరిచి, ప్రాణులతో సహా నీళ్ళు పట్టి, నోరు మూసి, తలల మీది రంధ్రాల్లోంచి నీటిధారలు పైకి చిమ్ముతున్నాయి చూడు అంటాడు. కాళిదాసు వాడిన మాట తిమి, తిమింగిలం కాదు. మింగడం ఊసే లేదు. నోటబట్టడం, నోరు మూయడం, చిమ్మడం. నువ్వు చెప్పిన పుక్కిలింత అదే కదా!

నేను:
మాస్టారూ, దండం. ఈ శ్లోకం చదువుకునే రోజుల్లో కంఠస్థం చేసి కూడా ఇటువైపు ఆలోచించలేదు. ఒక్క చిన్న తేడా. నోటి నీళ్ళు తల మీంచి రావు, దవడల పక్క నుంచే పోతాయి. తల మీది రంధ్రాలు ముక్కులు. చేప కాదు కదా, మనలా ఊపిరితిత్తులున్న ప్రాణి. పైకి వచ్చి విడిచే ఊపిరి, ఆవిరి, తుంపర కలిసి నీలి తిమింగలానికైతే 9 మీటర్ల ఎత్తు లేస్తుంది. దూరం నుంచి చూసినవాడికి అది నీటిధారే. రెండు నిజాలను కవి ఒక్క వాక్యంలో కుట్టేశాడు. శ్రీలంక తీరంలో నీలి తిమింగలాలు ఇప్పటికీ కనబడతాయి కాబట్టి, లంక నుంచి వచ్చే దారిలో ఈ దృశ్యం పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది.

తొండవాడ తమ్ముడు:
అన్నా, మా ఊరి గుడి అగస్త్యేశ్వరుడిది. సముద్రాన్ని ఔపోశన పట్టింది ఆయన. మింగేవాడంటే ఆయనప్పా! తిమింగలం ఉమ్మేస్తుంది, అంతే.

పుత్తూరు అక్క:
మీరంతా పుక్కిలి పుక్కిలి అంటున్నారు. నాకైతే ఇది గంజి వార్చడం. సిబ్బి మూత పెట్టి గిన్నె వంచితే గంజి పోతుంది, అన్నం నిలుస్తుంది. నోట్లో సిబ్బి లాంటిదేదో ఉండాలి కదా, దాని పేరేంది?

నేను:
అక్కా, సరిగ్గా పట్టుకున్నావు. దాన్ని బలీన్ అంటారు. పైదవడకు రెండు పక్కలా, పక్కకు మూడు నాలుగు వందల నల్లటి పలకలు వేలాడుతుంటాయి, లోపలి అంచున కుచ్చులా వెంట్రుకలు. మన గోళ్ళకున్న పదార్థమే, కెరాటిన్. పళ్ళు కావు. తెలుగులో దీనికి ఇంట్లో పలికే మాట కావాలి. సిబ్బిదంతం అందామంటే, తెలుగు మాటకు సంస్కృతం అతికించిన దుష్టసమాసం అని మాస్టారు చెవి మెలిపెడతారు, పైగా దంతమూ కాదు.

చంద్రగిరి తెలుగు మాస్టారు:
సిబ్బిరెక్క అను. రెండూ తెలుగే, తప్పు లేదు.

చిత్తూరు నుంచి ఒక కుర్రాడు:
పేర్ల గోలలో నాదొకటి. 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త నీలి తిమింగలానికి పెట్టిన శాస్త్రీయ నామంలో రెండో మాట మస్క్యులస్. లాటిన్‌లో దానికి కండ అనీ, చిట్టెలుక అనీ రెండర్థాలూ వస్తాయి. అదే ఏడాది ఇంటి చిట్టెలుకకూ ఆయన అదే మాట పెట్టాడు, మస్ మస్క్యులస్ అని. ఆ మస్‌కీ మన మూషికానికీ చుట్టరికం. ఏనుగంత నాలుకున్నదానికి చిట్టెలుక పేరు! కాణిపాకం పక్కన పుట్టినోణ్ణి, ఏనుగు తల, ఎలుక వాహనం నాకు కొత్త కాదులే.

నేను:
ఇది మా వాడికి చెబితే పదకొండో వాక్యం రాస్తానని కూర్చున్నాడు. మూడోది మాత్రం ఇట్లా దిద్దాడు: "దీని పేరుకు అర్థం మింగేది అని, కానీ ఇది గంజి వార్చుకుని తింటుంది." గంజి కొట్టేయమని వాళ్ళ టీచర్ అంటే ఏం చెప్పాలో అక్కే వచ్చి చెప్పాలి.