అప్‌డేట్: గంజాయి అలవాటైన మా మేనల్లుడి సంగతి

మా అక్క కొడుకు, బీటెక్ రెండో ఏడాది, హాస్టల్లో గంజాయికి అలవాటు పడ్డాడని, చదువు మాన్పించేయాలా అని అడిగాను కదా. మాన్పించలేదు. హాస్టల్ ఖాళీ చేయించి మా ఇంట్లో పెట్టుకున్నాం.

మీరు చెప్పిన 14446కి, అంటే మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం. బావగారికేమో కేసు భయం. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్‌ని లాయరు చదివి వినిపించాక గానీ ఆయన కదల్లేదు: తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్తే, వాడినందుకు ప్రాసిక్యూషన్ ఉండదు. వైద్యం మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ తీసేయొచ్చు.

గంజాయికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదట, కౌన్సెలింగే ముఖ్యం అని డాక్టరు అన్నారు. మొదటి వారం నరకమే. నిద్ర లేదు, పీడకలలు, చెమటకి బనియన్ తడిసిపోయేది. అక్క ఇష్టంగా గుత్తివంకాయ చేస్తే రెండు ముద్దలు తిని కంచం నెట్టేశాడు. ఆవిడ దిష్టి కూడా తీసింది, తీయనివ్వండి, నష్టమేముంది! రెండు మూడు వారాలకి తేరుకున్నాడు.

మూత్ర పరీక్ష కిట్ కొందామంటే డాక్టరు వద్దన్నారు. బాగా వాడినవాళ్లకి మానేశాక కూడా వారాల తరబడి పాజిటివే చూపిస్తుందట, ఊరికే గొడవలు. మధ్యలో ఓసారి జారి మళ్లీ గంజాయి తాగాడు. "మావయ్యా, మొన్న కొట్టాను" అని వాడే చెప్పాడు. తిట్టలేదు, మర్నాడు కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాను.

సప్లీ ఫీజు కట్టాం. బావగారే ఇంకా వాడితో ముభావంగా ఉంటున్నారు. తండ్రిని దారికి తెచ్చుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.