మస్కట్ నుంచి కాకినాడ: హాస్టల్లో యోగా సాగట్లేదు, మీరెలా చేస్తున్నారు?

మస్కట్‌కుర్రాడు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరే, కానీ నాన్న ఉద్యోగం వల్ల పుట్టి పెరిగిందంతా మస్కట్‌లో. బీటెక్ కోసం కాకినాడ వచ్చి రెండు నెలలైంది. అక్కడ రోజూ సాయంత్రం ఆరింటికి ఏసీ గదిలో గంటసేపు ఆసనాలు వేసేవాణ్ణి. ఇక్కడ అదే టైముకి మొదలుపెడితే పది నిమిషాలకే చెమటకి మ్యాట్ మీద చేతులు జారిపోతున్నాయి, ఇక శవాసనంలో పడుకుంటే దోమలకి పండగే. గదిలో ముగ్గురం, నేను మ్యాట్ పరిస్తే మిగతా ఇద్దరూ మంచాలు దిగే దారుండదు. మేడ మీదకి పోదామంటే తాళం. మానేస్తే రాత్రి నిద్ర పట్టట్లేదు.

కాలవగట్టు:
తమ్ముడూ, ముందు ఆ సాయంత్రం ఆరు వదిలెయ్. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక ఈ నేలంతా కాలవలే, పంట మనకీ సాయంత్రం దోమలకీ అన్నమాట. పొద్దున అయిదింటికి లే. ఆ రబ్బరు మ్యాట్ చుట్టి మంచం కింద పడేసి నూలు జంపఖానా కొనుక్కో, చెమట పీల్చుకుంటుంది, జారదు, ఆదివారం ఉతుక్కోవచ్చు. వానాకాలం ఓ పట్టాన ఆరదు కాబట్టి రెండు కొను. భీమవరంలో చదివిన నాలుగేళ్లూ నాది అదే పద్ధతి.

లంకపిల్ల:
తాళం గొడవ మా హాస్టల్లోనూ ఉండేది. ఒక్కదాన్నే అడిగితే కుదరదన్నారు, ఆరుగురం కలిసి పేర్లు రాసిచ్చాక పొద్దున గంటసేపు తీస్తున్నారు. జూన్ 21న కాలేజీల్లో చేయించే 45 నిమిషాల యోగా క్రమం ఉంది కదా, అదే రోజూ చేసుకుంటామని చెప్పాం, కాదనలేకపోయారు. కాకపోతే వానలకి మేడంతా పాచి పడుతుంది, వృక్షాసనంలో జారి వారం కుంటాను. కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో ప్రాణాయామం మాత్రం బయట చెయ్యకండి, పొగమంచూ ఆ పొగా కలిసి గొంతు పట్టేస్తుంది.

గోదారోడు:
మాది రాజమండ్రి, పుష్కర్ ఘాట్ పక్కన చేస్తాను. కార్తీకమాసంలో స్నానాల జనానికి అక్కడ కాలు పెట్టలేం, ఆ నెల ఇంట్లోనే. నిద్రకైతే రాత్రి దోమతెరలో కూర్చుని పదిసార్లు భ్రామరి చెయ్, అదే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే ప్రాణాయామం, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ. ఉక్కపోతకి నాలుక గొట్టంలా చుట్టి గాలి పీల్చే శీతలి బాగుంటుంది. తిండి సంగతి కూడా చూసుకో. కడుపు నిండా భోజనం చేస్తే నాలుగు గంటలు ఆగాలి, కాకినాడలో సుబ్బయ్య హోటల్ భోజనం చేసొస్తే ఆ రోజుకి యోగా లేనట్టేనండీ, ఆయ్.

మస్కట్‌కుర్రాడు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. అలారం మోగితే రూమ్మేట్లు దిండ్లు విసిరారు, ఇప్పుడు ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి తలగడ కింద దాస్తున్నా. గాంధీనగర్ పార్కులో చేస్తున్నాను, చెమట పడుతోంది కానీ జారట్లేదు. అక్కడికొచ్చే ఒక తాతగారు నా సూర్యనమస్కారాలు చూసి "అంత తొందరేంటి బాబూ, బస్సేమైనా పోతోందా" అన్నారు, అప్పట్నుంచి పన్నెండు కాస్తా ఆరు చేసి నెమ్మదిగా చేస్తున్నా. భ్రామరి పనిచేసింది, రూమ్మేట్ ఒకడు తనకీ నేర్పమన్నాడు. ఉన్న జంపఖానా నిన్నటి వానకి తడిసింది, రెండోది ఎక్కడ కొనాలి?

కాలవగట్టు:
మెయిన్‌రోడ్డులో దుప్పట్ల కొట్లలో అడుగు. ఆరడుగులు తగ్గకుండా చూసుకో, నేను పొట్టిది కొని శవాసనంలో నాలుగేళ్లు కాళ్లు గచ్చు మీద పెట్టుకున్నా.