లైట్ సూప్ డబ్బా రాత్రి భోజనానికి సరిపోతుందా?

ఎడిసన్ ఇల్లాలు:
మేము న్యూజెర్సీలో ఉంటాము. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. పిల్లలకు పదేళ్లు, ఆరేళ్లు. మంగళ, గురువారాల్లో పెద్దవాడిని ఈతకు తీసుకెళ్లి ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. ఆ రెండు రోజులూ కుక్కర్ పెట్టే ఓపిక లేక, నెల రోజులుగా 'లైట్' అని రాసి ఉన్న కూరగాయల సూప్ డబ్బాలు తెచ్చి, వేడి చేసి, బ్రెడ్డుతో పెడుతున్నాను. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. పళ్లెంలో బీన్సు కనబడితే ముఖం తిప్పుకునే చిన్నది సూప్‌లోనివి పేచీ లేకుండా తింటుంది. మా ఆడపడుచు మాత్రం పిల్లలకు డబ్బా తిండి పెట్టడమేమిటని అరగంట సేపు ఫోనులో మందలించింది. వారానికి రెండు పూటలు ఇలా గడపడం నిజంగా తప్పేనా?

ఫ్రిస్కో నాన్న:
తప్పొప్పుల మాట తరువాత చూద్దాం, ముందు డబ్బా వెనక్కి తిప్పి చదవండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) నిబంధనల ప్రకారం మామూలు రకంతో పోలిస్తే కొవ్వు సగమో, క్యాలరీలు మూడో వంతో తగ్గితే 'లైట్' అని వేసుకోవచ్చు. ఉప్పు కూడా తగ్గి ఉంటుందన్న పూచీ ఆ ఒక్క మాటలో లేదు. ఉప్పులో ఉండే సోడియం సగానికి తగ్గితే 'లైట్ ఇన్ సోడియం' అంటారు. 'లో సోడియం' అనాలంటే ఒక సర్వింగ్‌లో 140 మిల్లీగ్రాములకు మించకూడదు. మా అలమరలో ఉన్న లైట్ డబ్బాలో కప్పుకు 80 క్యాలరీలు, 680 మిల్లీగ్రాముల సోడియం ఉన్నాయి, డబ్బాకు రెండు కప్పులు. పెద్దలకు రోజుకు 2,300 మిల్లీగ్రాములు దాటవద్దంటారు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే 1,500. అంటే మీ చిన్నమ్మాయి ఒక్క కప్పు తాగితే ఆ రోజు వాటాలో దాదాపు సగం అయిపోయినట్టే, బ్రెడ్డులో ఉన్న ఉప్పు దీనికి అదనం.

మిరియాల చారు:
ఉప్పు సంగతి అలా ఉంచండి, 80 క్యాలరీల కప్పుతో ఎవరి కడుపు నిండుతుంది? మా ఇంట్లోనూ ఒక శీతాకాలం ఈ ప్రయోగం జరిగింది. ఎనిమిదింటికి సూప్ తాగిన మా అబ్బాయి తొమ్మిదిన్నరకు వంటింట్లో నిలబడి, సీరియల్ డబ్బాలో చేయి పెట్టి తింటూ దొరికాడు. తేలికైన భోజనం పెట్టామని మనం అనుకుంటాం కానీ, ఆ లోటును పిల్లలు చిప్సుతోనో బిస్కట్లతోనో పూడ్చుకుంటారు. ఆదివారం కందిపప్పు ఉడికించి, మెదిపి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పప్పుచారు కాగడానికి పావుగంట చాలు. ఆ పావుగంట కూడా దొరకదంటే నేను ఒప్పుకోలేను.

గరిటె తిప్పే మగాడు:
మిరియాల చారు గారూ, కడుపు నిండదన్న మాట నిజమే కానీ, ఇంటి చారు అనగానే ఉప్పు లేని అమృతంలా మాట్లాడుకోవడం నాకు నచ్చదు. ఒక టీస్పూను ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. నలుగురికి కాచే చారులో ఒకటిన్నర టీస్పూన్లు వేస్తే తలా 860 పడుతుంది, అంటే మనం తిట్టుకుంటున్న డబ్బా కప్పు కన్నా ఎక్కువే. ఆ మీదట అన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం, చివర్లో ఉప్పు వేసుకున్న మజ్జిగ. డబ్బా మీద అంకె ఉంది కాబట్టి దానికి శిక్ష వేస్తున్నాం. అమ్మ చేతి కొలతకు లేబుల్ లేదు కాబట్టి వదిలేస్తున్నాం. పప్పు ఉన్నందువల్ల చారు మేలంటే ఒప్పుకుంటాను, ఉప్పు విషయంలో మాత్రం రెండూ ఒక తాను ముక్కలే.

తార్నాక తాతయ్య:
నాకు రక్తపోటు ఉంది, ఏటా నాలుగు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉంటాను. మా పేటలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు ఐదు గ్రాముల ఉప్పు దాటవద్దని చెబుతుంది, కాబట్టి గరిటె తిప్పే మగాడు గారి లెక్క నాకు నచ్చింది. అయితే ఇంకొక జాగ్రత్త చెప్పాలి. మేము శాకాహారులం. 'వెజిటబుల్ సూప్' అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బాను మా అమ్మాయి నమ్మకంగా తెచ్చింది. సగం గిన్నె తాగాక కళ్లద్దాలు పెట్టుకుని పదార్థాల జాబితా చదివితే అందులో గొడ్డు మాంసపు రసం ఉంది. ఎవరినీ నిందించడానికి లేదు, కూరగాయలున్నాయని చెప్పారే గాని మాంసం లేదని వాళ్లు చెప్పలేదు. శాకాహారులు 'వెజిటేరియన్' అన్న మాట ఉందో లేదో చూడాలి, ఉన్నా జాబితా చదవాలి. సోడియం తగ్గించిన కొన్ని రకాల్లో కొంత ఉప్పుకు బదులు పొటాషియం క్లోరైడ్ అనే లవణం కలుపుతారు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాటిని వాడకూడదు.

ఫ్రిస్కో నాన్న:
తాతయ్య గారూ, గొడ్డు మాంసం సంగతి నాకూ తెలియదు, ధన్యవాదాలు. ఇంకొక అపోహ చాలామందిలో ఉంది. సూప్ ఉప్పగా ఉందని నీళ్లు కలిపి గిన్నె మొత్తం తాగేస్తే రుచి పలచబడుతుందే తప్ప లోపలికి పోయే ఉప్పు ఒక్క రవ్వ కూడా తగ్గదు. తగ్గాలంటే ఆ డబ్బాను ఎక్కువ మందికి పంచాలి.

ఎడిసన్ ఇల్లాలు:
పంచడమన్న మాట పట్టుకుని ఈ గురువారం ఒక ప్రయత్నం చేశాను. మిరియాల చారు గారు చెప్పినట్టు ఆదివారమే పప్పు ఉడికించి దాచాను. ఒక డబ్బా సూప్‌లో రెండు కప్పుల పప్పు కలిపి, ఉప్పు ముట్టుకోకుండా, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు వేసి, దించాక నిమ్మకాయ పిండితే నలుగురికీ తలా ఒక కప్పు వచ్చింది. కప్పుకు 680 చొప్పున డబ్బాలో ఉండే 1,360 మిల్లీగ్రాముల సోడియం నలుగురికీ పంచితే మనిషికి 340. పెద్దవాడు ఇది సూపూ కాదు, పప్పూ కాదన్నాడు గాని రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తొమ్మిదిన్నరకు వంటింట్లో చప్పుడేమీ కాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని అలమరలోని డబ్బాలన్నీ చదివాను కూడా. మాంసపు రసం దేనిలోనూ లేదు. ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి, వాటిని ఇలాగే ఖాళీ చేస్తాను.

మిరియాల చారు:
పప్పూ తాలింపూ పడ్డాక దానిలో ఆ డబ్బా చేసే పనేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదండీ.

ఎడిసన్ ఇల్లాలు:
బీన్సు, క్యారెట్టు తరిగే పని తప్పిస్తుందండీ. ఏడున్నరకు నాకు కావలసింది అదే.